బాంబును నేల మీద నుంచి చూద్దాం



1998 మే 11 బుద్ధ పూర్ణిమ. పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిపింది ఆ రోజే. 1974 నాటి మొదటి పరీక్షకైతే ఏకంగా 'నవ్వుతున్న బుద్ధుడు' అని పేరు పెట్టారు. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ మన చేతికిచ్చిన బుద్ధుణ్ణి బాంబుకు అంటగట్టారు. టీవీల నిండా జెండాలు, మిఠాయిలు.

ఆ ఏడాదే నళినీ మలానీ 'రిమెంబరింగ్ టోబా టేక్ సింగ్' అనే వీడియో ఇన్‌స్టలేషన్ చేశారు. ఎదురెదురు గోడల మీద ఇద్దరు స్త్రీలు ఒకే చీర మడతపెట్టాలని చూస్తుంటారు. వాళ్ల మధ్య అణు విస్ఫోటనాల పాత ఫుటేజి. కింద రేకు పెట్టెలు, వాటిలో టీవీ తెరలు, తెరల మీద ఊళ్లు వదిలిపోయే జనం. పుట్టగొడుగు మేఘాన్ని మనకు ఎప్పుడూ దూరం నుంచే చూపించారు. దాని కింద ఉన్నవాళ్లను చూడాలంటే ఇక్కడ తల వంచాలి.

ఆ పెట్టెలు నాకు బస్తర్‌ను గుర్తుచేశాయి. మాది భద్రాచలం వైపు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ నుంచి గుత్తికోయ కుటుంబాలు మూటలతో మా అడవుల్లోకి వచ్చాయి. టీవీలో బస్తర్ అంటే పేలిన వాహనం, మృతుల సంఖ్య. ఎస్టీ సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే ఈ మనుషులు ఆ తెర మీద లేరు.

బస్తర్‌లోనే, కొండగావ్‌లో, ముంబయికి చెందిన వీడియో కళాకారిణి నవ్‌జోత్ అల్తాఫ్ 1990ల చివరి నుంచి రాజ్‌కుమార్, శాంతిబాయి, గెస్సూరామ్ వంటి స్థానిక కళాకారులతో కలిసి పనిచేశారు. వాళ్లు వీడియోతో ఆగలేదు. 'నల్పార్' పేరుతో చేతిపంపుల చుట్టూ గట్లు, అరుగులు కట్టారు. బిందె ఎత్తే ఆడమనిషి నడుముకు కాస్త తెరిపి దొరకాలని. నీళ్ల దగ్గర ఎవరు ఎక్కడ నిలబడాల్సి వస్తుందో, 1927 మహద్ చరిత్ర చదివిన మనకు వేరే చెప్పాలా?

మీ అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. రేపు మీలో కొందరు బస్తర్ మీద వీడియో తీస్తారు. తీసేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. కెమెరా ఎంత ఎత్తులో ఉంది? అందులో కనిపించే మనిషికి మాట్లాడే వీలుందా? ఎడిటింగ్ బల్ల దగ్గర ఆమెకు కుర్చీ ఉందా? మూడో ప్రశ్నకు నా దగ్గర కూడా ఇంకా మంచి జవాబు లేదు. మీరు తెస్తారని నా ఆశ.

జై భీమ్.