మూలముతో కూడిన దానము



దానము రెండు విధములు. దప్పిగొన్నవానికి కడవెడు నీరిచ్చుట ఒకటి. బావినే ఊరికి వదలుట రెండవది. మొదటిది ఆ పూట దప్పి తీర్చును. రెండవది చేద గల ప్రతివానికిని తరతరములు అక్కఱకు వచ్చును.

సెల్‌ఫోనులో ఉచితముగా దొరకు యాప్‌లు పెక్కులు. వానిలో హెచ్చుభాగము కడవలోని నీరే. వాడుకొనవచ్చును గాని, లోపలి నిర్మాణమును చూడరాదు, మార్చరాదు. యాప్‌ను నడపు ఆజ్ఞల వ్రాతకు సోర్స్ కోడ్ అని పేరు. అదియే దాని మూలము. ఆ మూలమును వెల్లడించి, చదువుటకు, దిద్దుటకు, పంచుటకు అందఱికిని అనుమతి నొసగుటయే ఓపెన్ సోర్స్.

ఇందుకు చక్కని నిదర్శనము టక్స్ పెయింట్ అను బాలల చిత్రలేఖన సాఫ్ట్‌వేర్. అమెరికా దేశీయుడగు బిల్ కెండ్రిక్ దీనిని 2002లో మూలముతో సహా విడుదల చేసెను. కుంచెలు, రంగులు, ముద్రబొమ్మలు, అక్షరములు అన్నియు పసివాండ్రకు అందునట్లు అమర్పబడినవి. మొదట కంప్యూటరుకై పుట్టి, పిమ్మట ఆండ్రాయిడ్ ఫోనులకును వచ్చినది. దీనికి గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్స్ షరతు. ఎవరైనను దిద్దవచ్చును, దిద్దినదానిని పంచునపుడు మాత్రము దాని మూలమును గూడ అదే షరతుతో ఈయవలెను. ఒకరు ఊరికి వదలిన బావికి వెనుక వచ్చినవాడు తాళము వేయరాదన్నమాట. కర్తకు జీవనమెట్లని కొందఱు శంకింతురు. ఈ షరతు వెల పుచ్చుకొనుటను నిషేధింపలేదు. మూలమును దాచుటనే నిషేధించినది.

దీని ఫలమేమి? పెక్కు భాషలవారు అందు తమ మాటలు చేర్చిరి. తెలుగు చేరినది. 1925లో పండిత రఘునాథ ముర్ము రూపొందించిన ఓల్ చికి లిపిలో సంతాలీయు చేరినది. లాభమును లెక్కించు వర్తకుడు చిన్న భాషకై పూనుకొనుట అరుదు. మూలము చేతికందినచో ఆ భాషవారే పూనుకొందురు.

ఖమ్మము దాటి భద్రాచలపు అడవి అంచునకు పోయినకొలది ఈ మాట విలువ తెలియును. అచటి కోయగూడెములలో పెక్కుమంది పిల్లలు ఇంట కోయ మాటాడుదురు. బడిలో తెలుగు నెదుర్కొందురు. 2004 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కోయ మున్నగు 8 గిరిజన భాషలలో ప్రాథమిక విద్య నారంభించుటకు హేతువిదియే. బొమ్మ గీయుటకు భాష అక్కఱలేదు. కాని కుంచెకు, రంగుకు, చెరుపుటకు తన యింటి మాటయే తెరపై కనబడినచో బిడ్డ బెదరడు. ముద్రబొమ్మలలో ఇప్పపూవును, తునికాకును చేర్చుటకును అడ్డులేదు.

అయినను ఒకటి మఱువరాదు. బావి యున్నంతమాత్రమున నీరు పైకి రాదు, చేద వేయువారుండవలెను. తెరపై కనబడు మాటలను కోయలోనికి తెచ్చుటకు సోర్స్ కోడ్‌లో పండితులు కానక్కఱలేదు. మాటకు మాట వ్రాసిన పట్టికయే దానికి ఆధారము. కోయ యెఱిగిన ఉపాధ్యాయుడొకడు, గూడెపు పెద్దలిద్దఱు, కంప్యూటరు నేర్చిన విద్యార్థి యొకడు కూర్చుండిన చాలును. కూర్చుండుటకు చోటు కావలెనన్న, ఇరువదియైదేండ్లుగా అందఱికిని తలుపు తెఱచియుంచిన గ్రంథాలయముకంటె తగినదేది? ఆ పట్టికలోని మొదటి మాట ఈ రజతోత్సవ వత్సరముననే వ్రాయబడునుగాక!