పెద్ద సభ, చిన్న గది



మేం చదివింది ఎనిమిదో తరగతి. జెనీవా చూడలేదు. అయినా సంఘం మీటింగులు చానా ఏండ్లు నడిపినోళ్లం కాబట్టి ఒక మాట చెప్తాం.

1995లో మొదలైన ప్రపంచ వాణిజ్య సంస్థ ఆఫీసు జెనీవాలో ఉంది. ఇప్పుడు సభ్యులు 166. రూలు ప్రకారం పెద్ద దేశానికైనా చిన్న దేశానికైనా ఒకటే ఓటు, మన సహకార సంఘంలో మాదిరే. అయితే అక్కడ ఓటింగు దాదాపు జరగదు. సభలో ఎవరూ కాదనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. అసలు మాట కుదిరేది మాత్రం ముందే, కొద్దిమందినే పిలిచే 'గ్రీన్ రూమ్' సమావేశంలో.

అంతమంది కూర్చుని ఒక కాగితం రాయలేం కదా అంటారు లోపలివాళ్లు. వంటంతా అయినాక ఉప్పు చాలిందా అని అడిగితే ఏం లాభం అంటారు బయటివాళ్లు. రెండు మాటల్లోనూ నిజముంది.

పత్తి సంగతే చూడండి. ధనిక దేశాల సబ్సిడీలతో ధర పడిపోయి మా రైతులు మునుగుతున్నారని 2003లో బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి దేశాలు అడిగినాయి. ఆ ఏడు కాంకూన్ సభ ఒప్పందం లేకుండానే ముగిసింది. కేసు నడిపే స్తోమత ఉన్న బ్రెజిల్ అమెరికా మీద గెలిచి, 2014లో 30 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. ఆ నాలుగు దేశాలకు అంత దక్కలేదు. అయినా గట్టిగా అడిగినందుకే 2004లో పత్తికని ఒక ఉపసంఘం ఏర్పడింది.

మన సంఘంలోనూ గ్రీన్ రూమ్ ఉంది. చెప్పుకోను సిగ్గే. ఒక ఏడు చీర కూలి రేటు మేం ఐదుగురం టీ తాగుతా ఖాయం చేసినాం. మహాసభలో చదివితే ఎవరూ నోరెత్తలేదు. 'ఏకగ్రీవం' అని రాసుకున్నాం. సభ అయినాక గుమ్మం దగ్గర ఒక అక్క అడిగింది: "కండెలు చుట్టేది, పడుగు అతికేది మేం. ఆ రేటులో మా పని యాడుంది?" జవాబు చెప్పలేకపోయినాం. సభ్యుల పుస్తకంలో ఆమె భర్త పేరుంది, ఆమె పేరు లేదు.

మన బళ్లారి సరిహద్దులో నోటీసు కన్నడంలో వస్తుంది, ఇంట్లో మాట తెలుగు. అందుకే మూడు మనవులు. కూలి రేటు కాగితం సభకు పదిహేను రోజుల ముందే వీధివీధిలో తెలుగులోనూ చదివి వినిపించాలి. కండెలు చుట్టే ఆడోళ్లకు సభ్యత్వం ఇయ్యాల. రేటు రాసేటప్పుడు వాళ్లలో ఇద్దరు మాతో కూర్చోవాల.

వచ్చే మహాసభలో మేం ఊరికే ఏకగ్రీవం అని రాస్తుంటే, లేచి ఆపండి. మేం ఏమీ అనుకోం.