రొకోకో అలంకార శైలి

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములందు గడి యన్న మాట వినని వారుండరు. ఆ మాటతోఁ బాటు దొరతనమును, వెట్టిచాకిరియు జ్ఞప్తికి వచ్చును. అట్టి గడి గోడలమీఁది పూలను, తీఁగలను మెచ్చుకొనుట తగునా యని కొందఱు నన్నడిగిరి. దానికి సమాధానముగా ఫ్రాన్సు దేశపు రొకోకో శైలిని గూర్చి నాలుగు మాటలు చెప్పెదను.

1715లో పదునాలుగవ లూయీ రాజు మరణించెను. వర్సేల్సు కొలువులోని ఆర్భాటమునకు విసిగిన ప్రభువర్గము పారిస్ నగరమునఁ గాపురములు పెట్టెను. పెద్ద కొలువుకూటములకు బదులు ఇష్టగోష్ఠికిఁ దగిన చిన్న గదులు వెలసెను. ఆ గదుల కనువైన యలంకారమే రొకోకో. కృత్రిమ గుహలను గవ్వలతోను, రాళ్లతోను తీర్చు పనిని ఫ్రెంచివారు రొకాయ్ అందురు. ఈ పేరునకు మూల మదియే. గవ్వల వంపులు, మెలిదిరిగిన తీఁగలు, లేఁత వన్నెలు, బంగారుపూఁత, నిలువుటద్దములు దీని లక్షణములు. కుడియెడమలు సరితూఁగవలెనన్న నిర్బంధము దీనికి లేదు.

ఈ శైలి జర్మనీకిని ప్రాఁకెను. మ్యూనిక్‌లో కువియే యను వాస్తుశిల్పి 1734-1739 నడుమ అమాలియన్‌బర్గ్ అను విహారగృహమును నిర్మించెను. అందలి యద్దాల మందిరమునఁ గోడ యెచ్చట ముగిసినదో, కప్పు యెచ్చట మొదలైనదో పోల్చుట కష్టము. వెండిపూఁతతో మెఱయు నందలి గచ్చుపని జిమ్మర్‌మన్ అను పనివానిది.

1789 నాఁటి విప్లవమునకుఁ బూర్వమే విమర్శకులు దీనిని విలాసుల కళయని నిరసించిరి. రొకోకో యను పేరే యెగతాళిగాఁ బుట్టినది.

ఇఁక మన సీమకు వత్తము. దోమకొండ కోటయు 18వ శతాబ్ది నాఁటిదే. అందలి అద్దాలమేడ రొకోకో శైలిలోనిదని నేననను, సంప్రదాయములు వేఱు. అయినను రెండు చోట్లను సొగసునకు గచ్చే ప్రాణము. తడి యాఱకముందే తాపీతోఁ దీర్చవలసిన పని యది. సిమెంటుతో మరమ్మతు చేసినచో గోడలోని తేమ వెలికి రాలేక పాత గచ్చు పెచ్చులూడును. దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారము లభించినది.

దొరల యధికారము పోయినది, పోవలసినదే. కాని తీఁగను మలచిన చేయి దొరది కాదు, కూలికిఁ బనిచేసిన వానిది. గోడ కూలినచో వాని గుర్తు గూడ కూలును. కావున మీ యూరి పాత మేడకు మరమ్మతు తలపెట్టినపుడు, సున్నపుపని యెఱిఁగిన మేస్త్రీని ముందుగాఁ బిలువుఁడని నా మనవి.