వేంపల్లె రాయి, జమ్మలమడుగు శనగ చేను

 

పులివెందుల పక్కనున్న వేంపల్లె పేరు భూగర్భ శాస్త్ర గ్రంథాల్లో ఒక రాతిపొరకు స్థిరపడింది. 180 కోట్ల ఏళ్లు పైబడిన ఆ సున్నపురాయిలో అలల్లాంటి చారలు కనిపిస్తాయి. లోతు తక్కువ సముద్రంలో ఎండనే ఆధారం చేసుకుని బతికిన సూక్ష్మజీవులు పొర మీద పొరగా మిగిల్చిన గుర్తులవి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. అప్పటి కార్బన్ డయాక్సైడులో కొంత ఇలా రాయిలో దాగిపోయింది.

ఇప్పుడా లెక్క తిరగబడింది. సిమెంటు కోసం 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 44 కిలోల కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. ఎర్రగుంట్ల చుట్టూ ఉన్నవి సిమెంటు కర్మాగారాలే. ఆ పక్కనే కలమల్ల దగ్గర 1994 నుంచి బొగ్గుతో నడుస్తున్న రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, దాని సామర్థ్యం 1650 మెగావాట్లు. ప్రొద్దుటూరు ఇళ్లలో వెలిగే దీపం విలువ తెలిసినవారెవరూ దాన్ని నేరంగా చూడరు. కానీ లెక్క మాత్రం లెక్కే. చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా పర్వతం మీద కొలత మొదలుపెట్టినప్పుడు పది లక్షల వంతుల గాలిలో కార్బన్ డయాక్సైడు సుమారు 315 వంతులు. ఇప్పుడది 420 దాటింది.

మరి పెరిగిన ఈ వాయువుతో మొక్క ఏం చేస్తోంది?

వేరుశనగ, పప్పుశనగ, పత్తి, వరి, చీనీ, అరటి ఆకుల్లో రుబిస్కో అనే ఎంజైము కార్బన్ డయాక్సైడును పట్టుకుంటుంది. దానికో బలహీనత ఉంది. అప్పుడప్పుడూ పొరపాటున ఆక్సిజనును పట్టుకుని, చేసిన పనిలో కొంత వృథా చేసుకుంటుంది. గాలిలో కార్బన్ డయాక్సైడు పెరిగేకొద్దీ ఆ పొరపాటు తగ్గుతుంది, పైరు ఏపుగా ఎదుగుతుంది. జొన్న, కొర్ర, సజ్జ, రాగి ఆ వాయువును ముందే ఒకచోట పోగుచేసుకునే పైర్లు కాబట్టి వాటికి దక్కే అదనపు లాభం తక్కువ. ఇంకో మేలూ ఉంది. ఆకు రంధ్రాలు కొంత మూసుకుని నీటిని పొదుపు చేస్తాయి. జమ్మలమడుగు నల్లరేగడిలో నేలలోని పదును మీదే పండాల్సిన పప్పుశనగకు ఇది చిన్న సంగతి కాదు.

అయితే నీరు తక్కువ ఆవిరైతే ఆకు చల్లబడేదీ తక్కువే. పులివెందుల ఎండలో ఆ తేడా పైరుకు తెలుస్తుంది. పూత మీదున్నప్పుడు వేడి మితిమీరితే పుప్పొడి దెబ్బతింటుంది. పూత రాలితే ఏపైన ఆకు గింజకు బదులవుతుందా?

హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, రైతులకు తెలిసిన పేరుతో క్రీడా, పైకప్పు లేని గదుల్లో వేరుశనగను పెంచి కార్బన్ డయాక్సైడు 550, 700 వంతులున్న గాలి ఇచ్చి చూసింది. ఆకుల్లో నత్రజని పలచబడింది. పొగాకు లద్దె పురుగు ఆ లోటు పూడ్చుకోవడానికి ఇంకా ఎక్కువ ఆకు తింది, పురుగు దశలోనే ఎక్కువ రోజులు ఉండిపోయింది. పైరు ఏపుగా కనబడితే రైతు సంతోషిస్తాడు. పురుగుకూ అదే పండగ.

గింజ సంగతి మరింత ఆలోచించదగ్గది. 2014లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, ఎక్కువ కార్బన్ డయాక్సైడులో పెరిగిన గోధుమ గింజల్లో జింకు 9.3 శాతం, ఇనుము 5.1 శాతం తగ్గాయి. వరిలోనూ ఈ రెండూ తగ్గాయి. జొన్నలో మార్పు అంతగా లేదు. రాయలసీమ ఇళ్లలో సంగటి ముద్దకు బియ్యమూ రాగిపిండీ రెండూ పడతాయి. ఆ వాయువును పోగుచేసుకోవడంలో రాగిది జొన్న దారే. ఆ ముద్దలో రాగి పాలు తగ్గి బియ్యం పాలు పెరగడాన్ని ఈ కోణంలోంచీ చూడాలి.

ఇందాకటి ఆకు రంధ్రాల సంగతికి తిరిగొద్దాం. 1987లో ఎఫ్.ఐ. వుడ్‌వర్డ్ అనే వృక్ష శాస్త్రవేత్త కేంబ్రిడ్జిలో దాచిన పాత ఎండు ఆకులను తీసి, వాటి మీది రంధ్రాలను లెక్కపెట్టాడు. రెండు వందల ఏళ్లలో అవి దాదాపు 40 శాతం తగ్గాయి. పరిశ్రమల గాలిని ఆకు తన ఒంటి మీదే రాసుకుంది. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనూ ఎండబెట్టి భద్రపరిచిన మొక్కలున్నాయి. ఈ లెక్క మనమూ వేయవచ్చు. ఆకు అడుగున రంగులేని గోళ్లరంగు పూసి, ఆరాక సెల్లోటేపుతో ఆ పొరను లేపి, గాజుపలక మీద అతికించి కాలేజీ సూక్ష్మదర్శిని కింద పెడితే రంధ్రాలు కనిపిస్తాయి. ప్రొద్దుటూరు రోడ్డు పక్క వేపాకుతోనైనా, పులివెందుల పెరట్లోని కానుగాకుతోనైనా ఈ రోజు సాయంత్రమే మొదలుపెట్టవచ్చు.