రేసు బండి దిగి, దారి బండి ఎక్కి



ఈరోజు మీతో మోటారు సైకిళ్ల గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను. బడిపంతులుకు బండ్ల సంగతి ఎందుకని మీరు నవ్వుకోవచ్చు. నేను ముంబయిలో తెలుగు, మరాఠీ రెండు భాషల్లోనూ పాఠాలు చెప్పుకునే మాస్టారిని. నలభై దాటి కొన్నేళ్లయింది. నాకు నప్పని బండిని మోజుపడి కొని, దాని మీద దూరాలు తిరిగి, చేతుల మీదికి తెచ్చుకుని, చివరికి దాన్ని వదిలి మరో రకం బండికి మారినవాణ్ణి. ఆదిలాబాదు, నిజామాబాదు, జహీరాబాదు వైపు వింటున్న మీ ఇళ్లల్లోనూ అలాంటి బండి కావాలని పోరుపెట్టే కుర్రాడు ఒకడు ఉండే ఉంటాడు. వాడి కోసమే ఈ ప్రసంగం అనుకోండి.

మా ఇల్లు గ్రాంట్ రోడ్ దగ్గర. రైలు దిగి తూర్పు వైపు నడిస్తే కామాఠీపుర వస్తుంది. కామాటి అంటే కూలిపని చేసుకునేవాడని మీకు తెలిసిందే. సుమారు రెండు శతాబ్దాల కిందట నిజాం రాజ్యం నుంచి వలస వెళ్లి, బొంబాయిలో రాళ్లు మోసి, మేడలు కట్టిన మనవాళ్ల పేరే ఆ పేటకు నిలిచింది. పక్కనున్న గ్రాంట్ రోడ్‌కేమో 1835 నుంచి 1838 వరకు బొంబాయి గవర్నరుగా ఉన్న సర్ రాబర్ట్ గ్రాంట్ పేరు. రోడ్డుకు దొర పేరు, పేటకు కూలివాళ్ల పేరు. మా తాత అక్కడికి తాపీ పనికి వచ్చాడు. మా నాయిన ఇసుక తట్టలు, ఇటుకలు మోశాడు. నేను అక్కడి చాల్‌లోనే పుట్టి, చదువుకుని, బీఎడ్ చేసి మాస్టారినయ్యాను.

చాల్ అంటే ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క గది, అందరికీ కలిపి ఒక వరండా. ఎవరింట్లో ఏం కొన్నారో సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది. 2017లో నేను పాతదే అయినా తళతళలాడే కేటీఎం ఆర్‌సీ 390 బండి తెచ్చి గల్లీలో నిలబెట్టినప్పుడు పిల్లలంతా చుట్టూ మూగారు. నారింజ రంగు చక్రాలు, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, ఎత్తుగా లేచిన తోక. "మాస్టర్‌జీ, ఒక్కసారి స్టార్ట్ చెయ్యండి" అని బతిమాలారు. నిజం చెప్పొద్దూ, ముప్పై ఏడేళ్ల వయసులో నాకూ పద్దెనిమిది వచ్చినట్టే ఉంది.

ఈ రేసు తరహా బండి తీరు ఏమిటో కొంచెం చెప్తాను. మామూలు బండికి హ్యాండిల్ ఒకే కడ్డీగా, మన ఛాతీ ఎదుటకు వచ్చేటట్టు ఉంటుంది. రేసు బండికి రెండు పొట్టి కడ్డీలు విడివిడిగా, కిందికి బిగించి ఉంటాయి. కాళ్లు పెట్టుకునే కమ్మీలు వెనక్కి, పైకి ఉంటాయి. అంటే మోకాళ్లు ముడుచుకుని, నడుము వంచి, మెడ మాత్రం ఎత్తి చూడాలి. మన దేశంలో 2008లో వచ్చిన యమహా ఆర్15 ఈ తీరును కాలేజీ కుర్రాళ్లకు అలవాటు చేసింది. 2014లో ఆర్‌సీ 390 వచ్చింది.

అలా ఎందుకు తయారు చేశారు? అందుకు కారణం గాలి. బండి వేగం రెండింతలైతే ఎదురుగాలి తోపు నాలుగింతలవుతుంది. పందెపు మైదానంలో గంటకు నూటయాభై, రెండు వందల కిలోమీటర్ల వేగంతో పోయేవాడు నిటారుగా కూర్చుంటే గాలి వాణ్ణి వెనక్కి నెట్టేస్తుంది. అందుకని వంగుతాడు. అంత వేగంలో ఆ గాలే వాడి ఛాతీ కింద చెయ్యి పెట్టి ఆపినట్టు ఆపుతుంది. మణికట్ల మీద బరువు తగ్గుతుంది. పైగా పందెం ఏ అరగంటలోనో ముగుస్తుంది.

మరి గ్రాంట్ రోడ్‌లో ఆ గాలి ఎక్కడిది? సిగ్నల్ దగ్గర ఆగి, హ్యాండ్‌కార్ట్ వెనక కదిలి, టాక్సీ పక్కన మళ్లీ ఆగాలి. పక్కనే జేజే ఫ్లైఓవర్ ఉన్నా దాని మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. కింది రద్దీలోనే ఈదుకుంటూ పోవాలి. అప్పుడు మన మొండెం బరువంతా రెండు మణికట్ల మీదే పడుతుంది. ఈ లెక్క సైన్సు పాఠంలో పిల్లలకు చెప్పిన నేనే, నా బండి విషయంలో మరిచిపోయాను. రోజూ సాయంత్రం వేళ్లు తిమ్మిరెక్కేవి. సుద్దముక్క పట్టుకుంటే జారేది. వయసు మీద పడుతోంది కదా అనుకునేవాణ్ణి.

2018 నవంబరులో, దీపావళి సెలవుల్లో, ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మా ఊరు జహీరాబాదు దగ్గర. పనులు మానుకున్నాక నాయిన, అమ్మ అక్కడే ఉంటున్నారు. అమ్మ వాకిట్లో జారిపడి తుంటి విరిగిందని కబురు. పండుగ రోజులు, రైలు టికెట్ దొరకలేదు. తెల్లవారుజామున బండి తీశాను.

ముంబయి, పూణె ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీదికి మోటారు సైకిళ్లను అనుమతించరు కనుక ఖండాలా ఘాట్ మీదుగా పాత రోడ్డు పట్టాలి. పూణె దాటాక భిగ్వణ్, ఇందాపూర్, షోలాపూర్, ఆ తరువాత ఉమర్గా, హుమ్నాబాద్, ఆపైన జహీరాబాదు. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, మూడు రాష్ట్రాలు. దాదాపు 600 కిలోమీటర్లు. షోలాపూర్ చేరేసరికి మెడ పట్టేసింది. ఉమర్గా దాటాక కుడిచేతి వేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. ఆగుదామా అంటే అమ్మ ముఖం కళ్ల ముందు మెదులుతోంది.

హుమ్నాబాద్ ఇవతల పక్కదారిలోంచి చెరకు ట్రాక్టరు రోడ్డెక్కింది. ముందు బ్రేకు పట్టుకోవాలని బుర్ర చెప్పింది, వేళ్లు వినలేదు. వెనక బ్రేకు తొక్కి బండిని రోడ్డు పక్క మట్టిలోకి దించాను. ట్రాక్టరుకు మూరెడు దూరంలో ఆగింది. తప్పు ట్రాక్టరువాడిది కాదు. అతను చాలా దూరం నుంచే నాకు కనిపించాడు. నా చేతులే నా మాట వినే స్థితిలో లేవు.

చీకటిపడే వేళకు ఇల్లు చేరాను. అమ్మ మంచం మీద ఉంది. "వొచ్చినవా బిడ్డా, కొన్ని నీళ్లు ఇయ్యి" అంది. గ్లాసు ముంచి అందించబోయాను. చెయ్యి వణికి నీళ్లన్నీ దుప్పటి మీద పడ్డాయి. అమ్మ ఏమీ అనలేదు. నా చెయ్యి పట్టుకుని, తన నొప్పి మరిచిపోయి, నా వేళ్లు ఒక్కొక్కటే ఒత్తడం మొదలుపెట్టింది. చూడవచ్చినవాడు ఆమెకు సేవ చేయాలా, ఆమె చేత చేయించుకోవాలా? ఆ సిగ్గు నేను ఈనాటికీ మరువలేదు.

మర్నాడు పొద్దున్న నాయిన బండి చుట్టూ తిరిగి చూశాడు. దాని మీద ఎట్లా కూర్చుంటావో చూపించమన్నాడు. చూపించాను. అప్పుడు ఆయన అన్న మాట మీకు చెప్పాలి. "బిడ్డా, నలభై ఏండ్లు నెత్తి మీద తట్ట మోసిన. మెడ, నడుము ఒక్క తీరుగ నిలబెడితె బరువు కాళ్లలకు దిగుతది. వంగి మోస్తె ఏడాదికే మంచం పడ్తడు. నువ్వు నిన్ను నువ్వే చేతుల మీద మోస్కుంట వొచ్చినవ్ గదరా" అన్నాడు. ఆరు వందల కిలోమీటర్లలో నాకు అర్థం కానిది ఆ ఒక్క మాటతో అర్థమైంది.

తరువాత డాక్టరుగారూ అదే చెప్పారు, వైద్య భాషలో. మణికట్టు లోపల ఇరుకైన సందులోంచి నరం వేళ్లకు వెళ్తుంది. మణికట్టు వంచి, దాని మీద బరువు మోపి, పైనుంచి ఇంజను అదురు తగిలితే ఆ నరం నలుగుతుంది. ముందు తిమ్మిరి, తరువాత పట్టు సడలడం. ఇంకా అలాగే నడిపితే నష్టం నిలిచిపోవచ్చునని హెచ్చరించారు.

2019లో ఆ బండిని అమ్మేసి బజాజ్ డామినార్ 400 కొన్నాను. ఇది ఏ కంపెనీకీ ప్రచారం కాదు. ఈ రెండు బండ్ల పోలిక వల్ల విషయం తేటపడుతుందని చెప్తున్నాను. డామినార్ 2016 డిసెంబరులో వచ్చింది. దాని ఇంజను ఆర్‌సీ 390 ఇంజను కుటుంబానిదే. రెండూ 373 సీసీలే. రెండూ పూణె పక్కన చాకణ్‌లో తయారైనవే. తేడా గుండెలో లేదు, కూర్చునే తీరులో ఉంది. డామినార్‌కు హ్యాండిల్ ఎత్తుగా, వెడల్పుగా ఉంటుంది. కాళ్ల కమ్మీలు కిందికి, కాస్త ముందుకు ఉంటాయి. సీటు వెడల్పు. చక్రాల మధ్య దూరం దాదాపు పదకొండు సెంటీమీటర్లు ఎక్కువ, అందువల్ల తిన్నని రోడ్డు మీద నిలకడ ఎక్కువ. పెట్రోలు ట్యాంకులో 13 లీటర్లు పడుతుంది. పాత బండిలో పది లీటర్లకు మించేది కాదు. ఇంజనును కూడా మధ్యస్థ వేగంలోనే బలంగా లాగేటట్టు మలిచారు. మాటిమాటికీ గేరు మార్చే పని తగ్గింది.

వేగాన్నీ దూరప్రయాణాన్నీ కలిపిన ఇలాంటి బండ్లను స్పోర్ట్ టూరింగ్ బండ్లు అంటారు. ఇది కొత్త ఆలోచన కాదు. జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ వారు 1976లోనే ఆర్ 100 ఆర్ఎస్ అనే బండికి, గాలి సొరంగంలో పరీక్షించి, నడిపేవాణ్ణి ఎదురుగాలి నుంచి కాపాడే పూర్తి తొడుగు అమర్చారు. వేగంగా పోవాలి, పోయి చేరినవాడు మనిషిలా దిగాలి. వారి ఉద్దేశం అదే.

మరి నేను పోగొట్టుకున్నది ఏమీ లేదా? ఉంది. కొత్త బండి బరువు ఎక్కువ. చాల్ ముందు ఇరుకు గల్లీలో వెనక్కి తోయాలంటే చెమటలు పడతాయి. ఘాట్ మలుపుల్లో పాత బండి కత్తిలా తిరిగేది, ఇది కొంచెం ఆలోచించి తిరుగుతుంది. ఇక గల్లీ పిల్లల సంగతి. "మాస్టర్‌జీ, ముసలోళ్ల బండి తెచ్చిన్రేంది?" అని ఒకడు అననే అన్నాడు. రెండు రోజులు మనసు చివుక్కుమంది. ఆ తరువాత గమనించాను. నేను అంతకాలమూ వాళ్ల చూపుల కోసమే నడుము వంచాను.

ఇప్పుడు మీకు పనికొచ్చే మాటలు కొన్ని చెప్తాను.

బండి కొనేముందు షోరూములో రెండు నిమిషాలు కూర్చుని మురిసిపోకండి. కనీసం ఇరవై నిమిషాలు, ఆగుతూ కదులుతూ ఉండే రద్దీలో నడిపి చూడండి. మీ వెనక కూర్చునే మనిషిని, అమ్మయినా, ఇంటావిడయినా, వెంట తీసుకెళ్లండి. రేసు బండికి వెనక సీటు పేరుకే ఉంటుంది. ఆ మనిషి సుఖంగా ఎక్కి దిగగలిగితేనే అది ఇంటికి పనికొచ్చే బండి.

ఇప్పటికే రేసు బండి ఉండి, మార్చే స్థోమత లేనివారు మోచేతులు బిర్రబిగించకండి. తొడలతో ట్యాంకును పట్టి, పొట్ట, నడుముల బలంతో మొండేన్ని నిలపండి. గంటకోసారి ఆగి, వేళ్లు ముడిచి చాచి, నాలుగడుగులు నడవండి. వేళ్లు తిమ్మిరెక్కాయంటే బ్రేకు సరిగా పనిచేయని బండి నడుపుతున్నట్టే లెక్క. ఆగిపోండి. హ్యాండిల్ ఎత్తు పెంచాలనుకుంటే మాత్రం ఎవరికి పడితే వారికి అప్పగించకండి. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. అనుమతి ఉన్నదో లేదో ముందే కనుక్కోండి.

సరిహద్దు జిల్లాల వారికి మరొక మాట. ముంబయిలో, పూణెలో పాత బండ్లు చవకగా దొరుకుతాయని తెచ్చుకుంటుంటారు. అమ్మకానికి 29, 30 నంబరు ఫారాలు, అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం కోసం 28వ ఫారం తప్పక పూర్తి చేయించుకోండి. పన్నెండు నెలలకు మించి మరో రాష్ట్రంలో ఉంచిన బండికి ఆ రాష్ట్రపు నంబరు తీసుకోవాలి. కాగితాలు లేని బండి ఎంత చవకైనా బరువే.

చివరగా, ఆ కొత్త బండి మీద మొదటిసారి ఊరికి వెళ్లిన సంగతి చెప్పి ముగిస్తాను. ఈసారి మా ఇంటావిడ కూడా వెనక కూర్చుంది. ఒక్క రోజులో పోవాలన్న పంతం పెట్టుకోలేదు. షోలాపూర్‌లో బంధువుల ఇంట్లో రాత్రి పడుకుని, మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. అమ్మ అప్పటికి కర్ర పట్టుకుని నడుస్తోంది. నేనే కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చాను. చుక్క ఒలకలేదు. నాయిన బయటికి వచ్చి, బండి వెనక సీటు మీద చెయ్యి వేసి నొక్కి చూసి, "నన్ను జహీరాబాద్ సంత దాక తీస్కపో" అన్నాడు. ఎవరి సాయమూ లేకుండా ఎక్కి, నిటారుగా కూర్చున్నాడు.

వేగంగా పోవడం తప్పు కాదు. కానీ చేరిన చోట మన చేతులు మనకు పనికిరావాలి. ఆ ఒక్కటీ గుర్తుపెట్టుకుని బండి ఎంచుకోండి.