సైకిలు కొనాలా, వద్దా? మా సంఘం లెక్క

(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పోయిన ఏడాది మా సంఘంలో ఏడుగురం పొదుపు డబ్బులోంచి అప్పు తీసుకుని సైకిళ్ళు కొన్నాము. గేర్లు లేని తక్కువ ధర కొత్త సైకిలు కొనొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. జరిగింది జరిగినట్టు చెప్తాము.

ముందు మా పొరపాటు. మొదట ఇద్దరం రంగులు చూసి, ముందు స్ప్రింగులు, లావు టైర్లు ఉన్నవి కొన్నాము. తొక్కితే బరువు, క్యారేజీ లేదు. నెల తిరక్కముందే ఒకదాని ఎడమ పెడలు ఊడిపోయింది. ఎడమ పెడలుకి మర తిరగేసి ఉంటుంది, ఎడమవైపు తిప్పితేనే బిగుస్తుంది. షాపులో అది చూడకుండా బలవంతంగా తిప్పారు, మర పోయింది. సైకిలు మూలనపడింది, అక్క మళ్ళీ ఆటో ఎక్కింది, వాయిదా మాత్రం ఆగలేదు. మీటింగులో ఆమె ఏడిస్తే మేము తల దించుకున్నాము. కొనమన్నది మేమే కదా.

తర్వాత అయిదుగురం మామూలు లేడీస్ సైకిళ్ళు తీసుకున్నాము. క్యారేజీ, స్టాండు, చైను కవరు ఉన్నవి. అవి ఇప్పటికీ నడుస్తున్నాయి. పర్చూరు, పెదనందిపాడు, ప్రత్తిపాడు వైపు మనది చదును నేల, గేర్లతో పనేముంది? గేర్లు లేనిదైతే ఊళ్ళో రిపేరు షాపాయనే బాగుచేస్తాడు. వానాకాలం మాత్రం నల్లరేగడి డొంకల్లో ఏ సైకిలూ కదలదు, మడ్‌గార్డులో మట్టి ఇరుక్కుంటుంది.

ఇక లెక్క. సైకిలు 5,500 రూపాయలు. నూటికి రూపాయి వడ్డీ, పది వాయిదాలు, వడ్డీ 300 పైచిలుకు. రిపేర్లకి 400 వేసుకోండి. మొత్తం సుమారు 6,200. ఆటోకి పోను రాను 40 రూపాయలు అనుకుంటే 155 రోజులు తొక్కితేగాని డబ్బు తిరిగి రాదు. పత్తి తీతకి, మిరపకాయల కోతకి మాత్రమే అయితే ఒక్క సీజనులో తీరదు. తొడిమలు తీసే పనికి, పాల కేంద్రానికి, రేషనుకి కూడా వాడితే తీరుతుంది. పని నాలుగైదు కిలోమీటర్ల లోపు ఉంటేనే కొనండి. దూరం పోయే ముఠాలకి ఆటో తప్పదు. మిరప టిక్కీ మాత్రం దీనిమీద వేయకండి, చువ్వలు తెగుతాయి.

కొనేటప్పుడు చక్రం ఎత్తి తిప్పి చూడండి, వంకర పోకూడదు. బ్రేకు నొక్కి చూడండి. పెడళ్ళు మీ ఎదురుగా బిగించమనండి. నెలకి ఒకసారి నట్లు, చువ్వలు బిగించి, చైనుకి నూనె వేయించండి.

అన్నిటికంటే పెద్ద మాట ఒకటుంది. ఒక ఇంట్లో అప్పు అమ్మ పేరున ఉంటే సైకిలు కొడుకు తొక్కుతున్నాడు. అమ్మ నడిచి చేనుకి పోతోంది. అందుకని అప్పు తీసుకున్న సభ్యురాలే తొక్కాలి, తాళంచెవి ఆమె దగ్గరే ఉండాలి అని తీర్మానాల పుస్తకంలో రాసుకున్నాము. ఆ కుర్రాడికి కోపం వచ్చింది, నాలుగు రోజులకి తగ్గింది.

ఈ వయసులో సైకిలు నేర్చుకోవడమేంటని నవ్వారు. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో వేలమంది ఆడవాళ్ళు, కూలీలతో సహా, సైకిలు నేర్చుకున్నారు. మన రాష్ట్రంలో బడికొస్తా పథకంలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్ళు ఇచ్చారు. ఆ పిల్లలే మాకు బడి ఆవరణలో సాయంత్రాలు నేర్పారు. మోకాళ్ళు చెక్కుకుపోయాయి, అయినా వచ్చింది.

సమాఖ్యకి మా మనవి ఒక్కటే. ప్రతి గ్రామ సంఘానికి ఒక గాలి పంపు, ఒక పానాల సెట్టు కొనిద్దాం. మూలనపడ్డ ఆ అక్క సైకిలుకి కొత్త క్రాంకు వేయించాలని మేము తలా కొంత వేసుకున్నాము. ఈ వారంలో బాగవుతుంది.