ముందే చెప్పి రావాలి

మాదాపూర్ సాయంత్రపు ట్రాఫిక్ దాటుకుని ఇంతమంది వచ్చారు, సంతోషం. ఈ సభకు రమ్మని ఫోన్ చేసిన మిత్రుడు మొదట అడిగింది ఇదీ: “సొంత విమానం ఉన్నవాళ్లకి ఇమిగ్రేషన్, కస్టమ్స్ ఉండవట కదా సార్?” ఉంటాయి. ఎవరు ఎన్నిసార్లు అడిగినా ఉంటాయనే చెబుతాను. డబ్బున్నవాడు టెర్మినల్లో క్యూ తప్పించుకోగలడు, అంతవరకే. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రైవేటు విమానాలకు వేరే టెర్మినల్ ఉంది. అక్కడా పాస్‌పోర్టు చూస్తారు, బ్యాగు తెరుస్తారు, కస్టమ్స్ వాళ్లుంటారు.

ఈ అపోహ ఎంత దూరం పోతుందో 2022 ఆగస్టు 15న చూశాం. మన హైదరాబాద్ నుంచి బయల్దేరిన ఒక చార్టర్డ్ విమానం 12 మంది ప్రయాణికులతో మధ్యాహ్నం కరాచీలో దిగింది. కాసేపటికి దుబాయ్ వెళ్లిపోయింది. స్వాతంత్ర్య దినోత్సవం నాడు హైదరాబాద్ నుంచి కరాచీకా! ఇంకేముంది, ఫోన్లన్నీ మోగిపోయాయి. అది అంతర్జాతీయ చార్టర్, అంతకుమించి ఏమీ లేదని పాకిస్థాన్ విమానయాన సంస్థ ప్రతినిధి చెప్పినా ఎవరికీ చెవికెక్కలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. రహస్యంగా వెళ్లే విమానం పట్టపగలు ఒక అంతర్జాతీయ విమానాశ్రయంలో లేచి ఇంకో అంతర్జాతీయ విమానాశ్రయంలో దిగుతుందా? కంట్రోలర్లు పేరు పెట్టి పిలుస్తుంటే జవాబు చెబుతూ పోతుందా? ఆ ప్రయాణం గురించి రెండు దేశాలకూ ముందే తెలుసు. తెలియకుండా జరిగేదాన్ని చూసి కదా మనం భయపడాలి.

అలా నిజంగానే తెలియకుండా వచ్చిన విమానాల కథ కూడా మన ఊరిదే. అది చెప్పకుండా నేను ముందుకు పోలేను.

1948. నిజాం రాజ్యం అటు భారత్‌లో చేరలేదు, ఇటు నిలదొక్కుకోనూ లేదు. చుట్టూ భారత భూభాగం, సముద్రం లేదు, సరుకు రాకుండా దిగ్బంధం. అప్పుడు రంగంలోకి దిగాడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానయోధుడు. మామూలు మనిషి కాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పైలట్లు ఎత్తులో చలికి గడ్డకట్టకుండా వేసుకునే సిడ్‌కాట్ సూటు తయారు చేసింది ఇతనే. రెండో యుద్ధానికి ముందు లాక్‌హీడ్ విమానంలో కెమెరాలు దాచుకుని, వ్యాపారిలా జర్మనీ మీద తిరుగుతూ బ్రిటన్ గూఢచారుల కోసం ఫొటోలు తీసినవాడు. యుద్ధం అయిపోయింది, పని కావాలి. ఇక్కడ ప్రధానమంత్రి లాయక్ అలీకి ఆయుధాలు కావాలి. లాంకాస్టర్ బాంబర్ల నుంచి మలిచిన లాంకాస్ట్రియన్ విమానాలు ఐదు సంపాదించి, కరాచీ నుంచి బీదరుకు, వరంగల్‌కు రాత్రిళ్లు తిప్పాడు. కరాచీకి ఇక్కడికి గీత గీస్తే సుమారు 1,450 కిలోమీటర్లు. అందులో చాలాభాగం భారత గగనతలమే. అనుమతి అడిగింది లేదు, ఇచ్చింది లేదు. తుపాకులు వచ్చాయి, మందులూ వచ్చాయి. సెప్టెంబరు 13న మన సైన్యం కదిలింది, అయిదు రోజుల్లోపే అంతా ముగిసింది. కాటన్ విమానాలు నిజాంను కాపాడలేకపోయాయి. లండన్‌లో అతనికి పడిన శిక్ష ఎంతో తెలుసా? 200 పౌండ్ల జరిమానా!

వెనక వరుసలో నవ్వుతున్నారు. నవ్వాల్సిన విషయం కాదు బాబూ, ఆ తుపాకులతో ఊళ్లలో ఏం జరిగిందో మీ తాతల తరానికి తెలుసు. అప్పటికి చట్టం లేదా అంటే, ఉంది. 1944 డిసెంబరులో షికాగోలో రాసుకున్న ఒప్పందం 1947 ఏప్రిల్‌లోనే అమల్లోకి వచ్చింది. ఏ దేశం మీది ఆకాశం ఆ దేశానిదే అని దాని మొదటి అధికరణమే చెబుతోంది. కొరవడింది కాపలా. రాత్రిపూట ఎవరు ఎగురుతున్నారో చూసే రాడార్ గొలుసు అప్పుడు మనకు లేదు. ఉన్న రాతను అమలు చేసే కన్ను లేకపోతే ఆ రాత వట్టి కాగితమే.

ఇప్పుడు ఎలా జరుగుతుందో చెబుతాను. విదేశీ ప్రైవేటు విమానం మన దగ్గర దిగాలంటే పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ అనుమతి కావాలి. దానికిచ్చే నంబరును విమానయాన రంగంలోని మా వాళ్లు ‘వైఏ నంబరు’ అంటారు. ఆపైన వైమానిక రక్షణ అనుమతి, అంటే ఏడీసీ నంబరు. అది లేకుండా వచ్చేవాణ్ణి వాయుసేన ‘ఎవరు నువ్వు’ అని అడుగుతుంది. దిగడం కూడా ఇష్టమైన చోట కాదు. 1962 కస్టమ్స్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం కస్టమ్స్ విమానాశ్రయంలోనే దిగాలి. ఇంజన్ ఆగిపోయి పొలంలో దిగాడనుకోండి, దగ్గర్లోని కస్టమ్స్ అధికారికో పోలీసు స్టేషన్‌కో వెంటనే చెప్పాలి. వాళ్లు సరేననేదాకా సరుకు దించకూడదు, ప్రాణం మీదికి వస్తే తప్ప మనుషులు విమానం పక్కనుంచి కదలకూడదు. ఎంత ఆలోచించి రాశారో చూడండి!

మరి కాగితాలన్నీ సరిగ్గా ఉంటే చాలా? చాలదు. 1995 డిసెంబరు 17 రాత్రి ఒక ఆంటొనోవ్-26 వారణాసి నుంచి కలకత్తాకు అనుమతి తీసుకుని లేచి, దారి తప్పి, పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా పల్లెల మీద పారాచూట్లతో తుపాకులు జారవిడిచింది. ఆ తర్వాత థాయ్‌లాండ్ వెళ్లిపోయింది. మళ్లీ మన మీదుగా తిరిగి వెళ్తుంటే వాయుసేన ముంబైలో దింపించింది. అయిదుగురు లాత్వియా సిబ్బందీ, బ్రిటన్‌వాడు పీటర్ బ్లీచ్ దొరికారు. కిమ్ డేవీ అనే డెన్మార్క్ మనిషి విమానాశ్రయం నుంచే జారుకున్నాడు. చెప్పిన దారికీ, ఎగిరిన దారికీ మధ్య తేడాను ఆ రాత్రి ఎవరూ పట్టుకోలేదు. ఆ మాట ఈ రంగంలో ఉన్నవాళ్లం గట్టిగా ఒప్పుకోవాలి.

టైమ్ అయిపోతోందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు, త్వరగా చెప్పేస్తాను. అమెరికాలో పిల్లలున్నవాళ్లు కొంచెం వినండి. అక్కడ మన కుర్రాళ్లు కొందరు వారాంతాల్లో చిన్న విమానాలు నడుపుతున్నారు. సరదాగా బహామాస్ వెళ్లొస్తే ఏముందిలే అనుకోవద్దు. 2009 మే 18 నుంచి అక్కడ నిబంధన కచ్చితం: అమెరికా నుంచి బయటకు వెళ్లినా, లోపలికి వచ్చినా విమానం కదలడానికి కనీసం 60 నిమిషాల ముందు అందులో ఉన్న ప్రతి ఒక్కరి పేరు, పుట్టినతేదీ, పాస్‌పోర్టు వివరాలు ఈ-ఏపిస్ అనే పోర్టల్‌లో పంపాలి. బాధ్యత పైలట్‌దే. “మా ఫ్రెండే కదా, లిస్టులో లేకపోతేనేం” అంటే కుదరదు. బ్రిటన్‌కు వెళ్లినా ముందస్తు నివేదిక ఉంది.

పేర్ల జాబితాకు ఇంత పట్టుదల ఎందుకంటే, 2023 డిసెంబరు గుర్తు చేసుకోండి. నికరాగువా వెళ్తున్న ఒక చార్టర్ విమానాన్ని ఫ్రాన్స్‌లోని వాత్రీలో ఆపారు. 303 మంది ప్రయాణికులు, ఎక్కువమంది భారతీయులు. మనుషుల అక్రమ రవాణా అనుమానంతో ఆపిన ఆ విమానం చివరికి 276 మందితో ముంబైకి తిరిగొచ్చింది. పెద్ద విమానం, చార్టర్ అయినంత మాత్రాన ఎవరూ చూడరనుకున్నవాళ్లున్నారు. చూశారు.

చివరగా ఒకటి. అనుమతి ఒకసారి వచ్చిందంటే శాశ్వతం అనుకోకండి. 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్థాన్ మన విమానాలకు తన ఆకాశం మూసింది, 30 నుంచి మనం వాళ్లకు మూశాం. 2022లో మామూలుగా జరిగిన ఆ కరాచీ ప్రయాణం ఆ మూసివేతలో భారత విమానానికి కుదరదు. బయల్దేరే రోజు పొద్దున నోటమ్, అంటే పైలట్లకిచ్చే తాజా ప్రకటన చూడకుండా ఏ పైలటూ కాక్‌పిట్‌లో కూర్చోకూడదు.

బేగంపేట విమానాశ్రయం గురించి ఎవరో చీటీ పంపారు. విదేశం నుంచి వచ్చే ప్రైవేటు జెట్టు మామూలుగా శంషాబాద్‌కే రావాలి, బేగంపేటకు కాదు. ఇక మైకు సభలోకి ఇవ్వండి, ప్రశ్నలు తీసుకుంటాను.